తాగుబోతు అనిపించుకోకుండా తాగడం ఎలా: పొట్ట ఆపరేషన్ అయినవారికి సలహాలు

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకోవడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు వింతేమీ కాదు. షావుకార్లు, జీడిపప్పు వ్యాపారులు, టీచర్లు, కాంట్రాక్టర్లు విశాఖపట్నం వెళ్లి చేయించుకుని వస్తున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి పాత చొక్కాలన్నీ బావమరుదులకి ఇచ్చేస్తున్నారు. చాలా సంతోషం. అయితే ఆస్పత్రివాళ్లు ఇచ్చే ఫైలులో ఏం తినాలో పేజీలకి పేజీలు ఉంటుంది గాని, మందు సంగతి వచ్చేసరికి మానెయ్యాలని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మానలేనివాడు ఏం చెయ్యాలి? మానడం ఇష్టంలేనివాడు ఏమైపోవాలి? వాళ్ల గురించి ఆలోచించే నాథుడు లేడు. అందుకే ఈ సలహాలు.

ముందుగా ఒక్క సూత్రం పట్టుకోండి. వ్యసనం అన్నది తాగినంత మాత్రాన రాదు, పదిమందీ చూస్తే వస్తుంది. ఎవరూ చూడకుండా, చూసినా నమ్మకుండా, నమ్మినా పైకి అనలేకుండా చేసుకున్నారంటే మీకు వ్యసనం లేనట్టే. ఇక మొదలుపెడదాం.

1. ఆపరేషన్ ఖర్చుని పెట్టుబడి అనుకోండి

స్లీవ్ అనే రకం చేయించుకున్నవారికి పొట్టలో ముప్పాతిక వంతు కోసి తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. బైపాస్ అయితే పైన ఓ 30 మిల్లీలీటర్లు పట్టే సంచి మాత్రం ఉంచి, దాన్ని తిన్నగా చిన్నపేగుకి కలుపుతారు. తిండి తగ్గడం సంగతి అందరికీ తెలుసు. మందు సంగతి వినండి. పూర్వం మీరు తాగింది కాసేపు పొట్టలో నిలిచేది. అక్కడుండే ఎంజైము కొంత విరగ్గొట్టేది, మిగిలింది మెల్లగా పేగులోకి దిగేది. బైపాస్ తర్వాత ఆ నిలవడం లేదు, ఆ విరగడం కూడా బాగా తగ్గిపోతుంది. గొంతు దిగిన కొద్ది నిమిషాలకే నెత్తురులో ఉంటుంది. అమెరికాలో యానినా పెపినో అనే శాస్త్రవేత్త బృందం, బైపాస్ అయిన ఆడవాళ్లని పరీక్షించి 2015లో ఈ సంగతే బయటపెట్టింది. రెండు పెగ్గులు తాగినవాళ్లకి నాలుగు పెగ్గులు తాగినంత ఎక్కుతోందట.

డాక్టర్లు దీన్ని ప్రమాదం అంటారు. మీరు పొదుపు అనండి. 2024 అక్టోబరులో కొత్త మద్యం పాలసీ వచ్చాక మన రాష్ట్రంలో క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది. ఒక క్వార్టరు కొంటే రెండింటి పని జరుగుతున్నప్పుడు రోజుకి 99 రూపాయలు మిగిలినట్టే కదా. ఆపరేషన్‌కి మూడు లక్షలు అయిందనుకోండి. ఎనిమిదేళ్ల పైచిలుకులో డబ్బంతా తిరిగొచ్చేస్తుంది. కాకపోతే రోజూ తాగాలి. ఒక్క రోజు నాగా పెట్టినా లెక్క వెనకబడుతుంది.

2. మొదటి ఏడాది బుద్ధిమంతుడిలా ఉండండి

తొందరపాటు పనికిరాదు. రెండో నెలలోనే మొదలుపెట్టినవాడు కడుపులో మంటతో, వాంతులతో ఇంట్లో దొరికిపోతాడు. మొదటి ఏడాది డాక్టరు, డైటీషియను, ఇల్లాలు ముగ్గురూ మీ మీదే కన్నేసి ఉంటారు. వాళ్లని మెప్పించండి. చోడంబలి తాగండి. పొద్దున్నే వాకింగుకి వెళ్లండి. పెళ్లిళ్లలో నలుగురూ వినేలా "నేను పూర్తిగా మానేశానండి" అనండి. ఆ మాట ఎంతమంది వింటే అంత మంచిది, తర్వాత చాలా ఏళ్లు అక్కరకొస్తుంది.

అసలు కాలం రెండో ఏడాది. వెండీ కింగ్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో పది ఆస్పత్రుల పేషెంట్లని గమనించి 2012లో లెక్కలు వేసింది. ఆపరేషన్‌కి ముందు ఏడాది నూటికి 7.6 మందికి మందు సమస్య ఉంది. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ఇంచుమించు అంతే. రెండో ఏడాదికి 9.6 అయింది. 2017లో మళ్లీ చూస్తే, బైపాస్ అయినవాళ్లలో అయిదేళ్లు తిరిగేలోపు అయిదుగురికి ఒకరు చొప్పున ఆ దారి పట్టారు. ఓపిక పట్టినవాళ్లకే ఫలితం అని ఇంతకన్నా ఎవరు చెప్పాలి? రెండో ఏడాదికి బరువు ఒకచోట నిలబడుతుంది. మూడు నెలలకోసారి వెళ్లే చెకప్పు ఏడాదికోసారి అవుతుంది. "ఇంకేటి బెంగ లేదు, గట్టెక్కిపోయారు" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఆ మాట చెవిన పడ్డ సాయంత్రమే మొదలుపెట్టండి.

నాకు మునుపు అలవాటే లేదే అని వెనకాడకండి. ఆ 2012 లెక్కల్లో ఆపరేషన్ తర్వాత సమస్యలో పడ్డవాళ్లలో సగానికి పైగా, అంతకుముందు ఏడాది ఆ సమస్య లేనివాళ్లే. కొత్తవాళ్లకి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి.

3. తిండి దగ్గర మిగిలిన మమకారాన్ని మందుకి మళ్లించండి

ఇన్నాళ్లూ దిగులొస్తే తిన్నారు, సంబరమొస్తే తిన్నారు, ఏమీ తోచకపోయినా తిన్నారు. ఇప్పుడు ఆ దారి మూసేశారు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నాటుకోడి కూర వండుతారు. మూడు ముద్దలకే గుండెల కింద పట్టేస్తుంది. నాలుగోది మింగితే పెరట్లోకి పరిగెత్తాలి. చుట్టూ అందరూ తింటూనే ఉంటారు. పిల్లలు మూలిగ కోసం పోట్లాడుకుంటారు. మీరు కంచం ముందు కూర్చుని ఒక్క ఎముకని అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు. వదిన వడ్డించబోయి, గుర్తొచ్చి, గరిట వెనక్కి తీసుకుంటుంది.

ఆ అరగంట చాలా విలువైనది, వృథా చెయ్యకండి. లోపల పేరుకున్న ఆ వెలితిని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, సాయంత్రాలకి కొత్త వ్యాపకం వెతుక్కోవచ్చు, సర్జనుతో పాటు ఆస్పత్రిలో ఉండే మానసిక నిపుణుణ్ని కలవొచ్చు. అన్నీ శ్రమతో కూడినవి. ముద్ద దిగని పొట్టలోకి కూడా నీళ్లలాంటిది సులువుగా జారిపోతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తిండిలో దొరికిన ఊరట అంతా గ్లాసులో దొరుకుతుంది, నమలక్కర్లేదు కూడా.

4. తాగేదానికి వేరే పేరు పెట్టండి

ఈ విద్యలో మన ఉత్తరాంధ్రవాళ్లని మించినవాళ్లు లేరు. గురజాడవారి గిరీశం చుట్ట కాల్చడానికి కూడా పద్యం చదివి సమర్థించుకున్నాడు. ఆ గడ్డ మీద పుట్టి సాకు దొరకలేదంటే చిన్నతనం.

పొద్దుటి తాటికల్లు మందు కాదు, చలవ. చెట్టు దింపిన కాసేపటికే పులవడం మొదలవుతుంది గాని, ఎండెక్కేలోపు తాగింది లెక్కలోకి రాదని చెప్పండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు చుట్టాలుంటే జీలుగు కల్లు అడవిలో పుట్టిన ఔషధం. గిరిజనులు తరతరాలుగా తాగుతున్నారు, వాళ్లకేటయింది అనండి. వాళ్ల పొట్ట ఎవరూ కొయ్యలేదన్న సంగతి ఎత్తకండి.

బీరు కిడ్నీలో రాళ్లు కరిగిస్తుంది. ఇది మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా నమ్మే మాట కనక ఎదురు ప్రశ్న రాదు. గబగబా బరువు తగ్గినవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు రావడం మామూలే. స్కానింగులో రాయి కనబడిందా, అది ఎక్కడి రాయో విడమరిచి చెప్పకండి. "రాయి ఉందన్నారు, బీరు పడాలి" అంటే చాలు. గ్యాసు నిండిన పానీయాలు ఈ పొట్టకి పనికిరావని డైటీషియను చెప్పింది నిజమే. నురగ పోయేదాకా ఆగి తాగితే ఆ మాట కూడా మన్నించినట్టే.

మిలటరీ రమ్ము మరీ గౌరవమైనది. మన రెండు జిల్లాల్లో సైన్యంలో చేసి వచ్చినవాళ్లు లేని ఊరు ఉండదు. క్యాంటీన్ కోటా సీసా ఒకటి మీకు ఇమ్మని రిటైర్డు సుబేదారు మావయ్యని అడగండి. "సరుకు మంచిది, కల్తీ లేదు" అన్న ఒక్క ముక్కతో ఇల్లాలి నోరు కూడా మూతపడుతుంది. చలికాలం ఛాతీ పట్టేస్తే బ్రాందీ వైద్యం. ఊరి అమ్మవారి పండక్కి సాక పోసిన సారా ప్రసాదం. ప్రసాదం వద్దంటే కళ్లు పోతాయి.

1995 జనవరి నుంచి రాష్ట్రమంతా సంపూర్ణ మద్యనిషేధం ఉన్న రోజుల్లో కూడా ఒడిశా సరిహద్దు మనకి దగ్గరే ఉంది. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. 1997లో ప్రభుత్వమే నిషేధం ఎత్తేసింది. రాష్ట్రం నిలబెట్టలేనిదాన్ని మీ ఒక్క పొట్ట మీద నిలబెట్టడానికి డాక్టరెవరు? ఈ వాదన రాత్రి తొమ్మిది తర్వాత బాగా పనిచేస్తుంది.

5. ప్రొటీన్ పౌడరు డబ్బాని గౌరవించండి

ఆపరేషన్ అయినవాళ్లకి రోజుకి 60 గ్రాముల ప్రొటీనైనా పడాలంటారు. అందుకని ప్రతి ఇంట్లోనూ ఒక షేకరు సీసా ఉంటుంది. అది మీకు దొరికిన గొప్ప అవకాశం. చాక్లెట్ రకం పౌడరే కొనండి, వెనిల్లా వద్దు. రమ్ము రంగు చాక్లెట్ రంగులో కలిసిపోతుంది. స్టీలు షేకరైతే ఇంకా మంచిది, లోపలిది కనబడదు. మూత బిగించి, ఇల్లాలు వింటుండగా గడగడా కుదపండి. లోపలి స్ప్రింగు గలగలలాడుతుంటే "పాపం, ఎంత శ్రద్ధగా తాగుతున్నారో" అనుకుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి హాల్లో కూర్చుని, పేపరు చదువుతూ, అందరి కళ్ల ముందు తాగొచ్చు. ఇంతటి సౌకర్యం ఆపరేషన్ కానివాళ్లకి లేదు.

ఖాళీ సీసాల దగ్గరే చాలామంది దొరికిపోతారు. బండి డిక్కీలో రెండు క్వార్టరు సీసాలు ఉంటే గతుకుల రోడ్డు మీద ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. రెండింటి మధ్య పాత బనియను చుట్టండి. మీ ఇంటి చెత్తలో వెయ్యకండి, పక్కింటివాళ్ల చెత్తలో వెయ్యండి. వాళ్లు సౌమ్యులైతే అపనింద కూడా వాళ్లే మోస్తారు. బెల్టు షాపులో మీ పేరుతో ఖాతా పెట్టకండి. పాలేరు పేరుతో పెట్టండి, నెలాఖరుకి వాడి జీతంలో సర్దుకోవచ్చు.

ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. వాళ్లకి నేను చెప్పాల్సింది తక్కువే. ఆడవాళ్లు తాగరని మన ఊళ్లలో అందరికీ గట్టి నమ్మకం. మీరు మెట్ల మీద తూలితే నీరసం అంటారు, మాట తడబడితే నిద్రలేమి అంటారు, అన్నం మానేస్తే వ్రతం అనుకుంటారు. ఎవరూ అడగరు. అడగనంత కాలం ఎవరూ సాయానికీ రారు, కాబట్టి మీ పనికి ఆటంకమే ఉండదు.

6. కనుమ నాడు తోటకి వెళ్లండి

పండగ మీ పరువుకి రక్షణ. కనుమ నాడు ఊరవతల జీడితోటలో చాప పరుస్తారు. ఒకపక్క మాంసం ఉడుకుతూ ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన బావ ప్లాస్టిక్ గ్లాసులు వరసగా పెడతాడు. అక్కడ మీరు నోరు విప్పక్కర్లేదు, వాళ్లే అంటారు.

"ఏటి బావా, సగమైపోనావు. ఆపరేసనయ్యాక సుక్క కూడా ముట్టకూడదన్నారా ఏటి?"

"అన్నారు గాని..."

"ఏడాదికోపాలి పండగ. ఒక్కటీ ఏటీ సెయ్యదు."

ఒక్కసారి వద్దనండి. రెండోసారి తల అడ్డంగా ఊపండి. మూడోసారి పుచ్చుకోండి. మూడుసార్లు బలవంతం చేశారు కనక బాధ్యత వాళ్లది. పూర్వం మీరు నాలుగు పెగ్గుల మనిషి, అది అందరికీ గుర్తే. ఒకటిన్నరకే చాప మీద ఒరిగిపోతే "తేలికైపోనాడు, పాపం" అని నవ్వుతారు గాని ఎవరూ భయపడరు. పడుకుని ఉన్నప్పుడు వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని, పక్కకి తిప్పి పడుకోబెట్టాలని వాళ్లలో ఒక్కడికీ తెలియకపోవచ్చు. చెప్పి సరదా పాడుచెయ్యకండి.

కనుమ ఒక్కటే చాలదు. రథసప్తమికి అరసవల్లి వచ్చిన చుట్టాలు, పైడితల్లమ్మ సిరిమానుకి విజయనగరం వచ్చిన స్నేహితులు, కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర, శంబర పోలమాంబ జాతర. వీటి మధ్య ఖాళీలుంటే పుట్టినరోజులతో, కొత్త బండి పూజలతో, ట్రాన్స్‌ఫర్లతో నింపండి. అప్పుడిక రోజూ తాగుతున్నారని ఎవరూ అనలేరు, పండగకే తాగుతున్నారు.

7. బండి మీరే నడపండి

ఇంకొకరి చేతికి తాళాలిస్తే తాగినట్టు ఒప్పుకున్నట్టే. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటిసారి దొరికితే పదివేల జరిమానాగాని, ఆర్నెల్ల జైలుగాని, రెండూగాని పడొచ్చు. "ఒక్క పెగ్గేనండి" అన్న మాట మీ విషయంలో నిజమే కావచ్చు. కాని ఊదించే యంత్రం పెగ్గులు లెక్కపెట్టదు. అందుకని హైవే వదిలేసి చెరువుగట్టు దారిన పోండి. అక్కడ పోలీసులుండరు, లైట్లుండవు, పడిపోతే లేవదీసేవాళ్లూ ఉండరు. పడితే గేదె అడ్డం వచ్చిందనండి.

8. బరువు పెరిగితే సర్జనుని తిట్టండి

ఒక గ్రాము ఆల్కహాలుకి ఏడు క్యాలరీలు. మామూలు క్వార్టరులో 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అంటే 420 క్యాలరీలు. కూల్‌డ్రింకు కలిపితే ఆ పంచదార, నంజుకునే జీడిపప్పు వేయింపు అదనం. అన్నం తిన్నా తినకపోయినా ఇవి లోపలికి చేరుతూనే ఉంటాయి. మూడో ఏడాదికి చొక్కా మళ్లీ బిగుతవుతుంది. అప్పుడు థైరాయిడ్ పేరు చెప్పండి. అది నమ్మకపోతే "ఆపరేషన్ ఫెయిలు, సరిగ్గా కొయ్యలేదు" అని ఊరంతా చెప్పండి. మీ మాట విని, నిజంగా ఆ ఆపరేషన్ అవసరమైన షుగరు పేషెంటు ఒకడు భయపడి మానుకుంటే, వాడికి మూడు లక్షలు మిగిల్చిన పుణ్యం మీదే.

9. ఒళ్లు చెప్పేదానికి మీరే అర్థాలు చెప్పండి

ఒళ్లు నోరున్నది కాదు గాని ఊరుకోదు. ప్రతి లక్షణానికీ ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. షుగరు తగ్గిందనండి. ఇది బంగారంలాంటి సాకు, ఎందుకంటే బైపాస్ అయినవాళ్లకి తిన్న రెండు మూడు గంటలకి షుగరు పడిపోవడం నిజంగానే ఉంది. మందు దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. ఏది ఏ వణుకో ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు, మీరూ పోల్చుకోలేరు. విరేచనం నల్లగా తారులా పడితే ఐరన్ మాత్రల వల్ల అనండి. ఐరన్ మాత్రలకి నల్లబడే మాట నిజం. పేగు కలిపిన చోట పుండు పడి లోపల నెత్తురు కారినా నల్లగానే పడుతుంది. తలనొప్పికి, కీళ్లనొప్పులకి మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజూ వేసుకోండి. ఆ బిళ్లలు, మందు, సిగరెట్టు మూడూ కలిస్తే ఆ పుండు తొందరగా పడుతుంది.

కాళ్లు తిమ్మిరెక్కితే చెప్పులు మార్చండి. నీరసంగా ఉంటే ఉద్దానం నీళ్ల మీద తోసెయ్యండి. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బుతో నిజంగా బాధపడుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు కనక ఎవరూ గుచ్చి అడగరు. జీవితాంతం వేసుకోమన్న విటమిన్ మాత్రలు మాత్రం ఆపెయ్యండి. నెలకి వాటికయ్యే డబ్బుతో ఎన్ని క్వార్టర్లు వస్తాయో ఒకసారి లెక్కేసుకుంటే మీకే తెలుస్తుంది.

10. చెకప్పుకి తయారై వెళ్లండి

పలాస పాసింజరు ఎక్కి విశాఖ వెళ్లే రోజున, ముందు రెండు రోజులు ఆపండి. చెమటలు, వణుకు, నిద్రలేమి వస్తాయి. ప్రయాణ బడలిక అనండి. ఏళ్ల తరబడి రోజూ తాగి ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావొచ్చు, లేనివి కనబడొచ్చు. అందుకే డాక్టరు పర్యవేక్షణలో ఆపాలంటారు. కాని పర్యవేక్షణ అంటే చెప్పుకోవాలి, చెప్పుకుంటే పేరొస్తుంది.

అక్కడ ఒక కాగితం ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలు. ఎంత తరచుగా తాగుతారు, తాగాక ముందురోజు సంగతి మరిచిపోయారా, పొద్దున్నే ఒక చుక్క పడితేగాని లేవలేకపోయారా, తగ్గించమని ఇంట్లోవాళ్లు గాని డాక్టరు గాని అన్నారా. అన్నిటికీ మొదటి గడిలో టిక్కు పెట్టండి. ప్రశ్నలు చదవకండి. చదివితే కొన్నింటి దగ్గర చెయ్యి ఆగుతుంది.

గోడ మీద రెండు నంబర్లు ఉండొచ్చు. 14446 వ్యసనం మాన్పించే జాతీయ హెల్ప్‌లైను, 14416 టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఇల్లాలు వాటిని ఫోనులో ఎక్కించుకోబోతే కరెంటాఫీసు నంబర్లని చెప్పండి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో చికిత్స ఉందని ఎవరైనా అంటే "నేనేటి పిచ్చోడినా?" అని గొంతు పెంచండి. గొంతు పెరిగితే మన ఇళ్లలో మాట అక్కడితో ఆగిపోతుంది.

11. ఆఖరి ఘట్టానికి కొడుకుని తయారుచెయ్యండి

ఇన్నాళ్ల కష్టం ఇక్కడ ఫలిస్తుంది. వారం పది రోజులు ఏది తిన్నా వాంతి అవుతుంది. విటమిన్లు ఎప్పుడో ఆపేశారు, తిండి లేదు, మందు ఒక్కటే దిగుతోంది. ఒంట్లో బీ1 విటమిను అడుగంటిపోతుంది. ఒకరోజు పొద్దున్న మనవరాలు ఇద్దరుగా కనబడుతుంది. కంటిగుడ్లు ఒకచోట నిలవవు. గుమ్మం దాటబోతే కాళ్లు ఎడంగా వేసి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. సోమవారమో గురువారమో తెలియదు. "అమ్మా, నాన్న కల్లేటి అలాగైపోనాయి?" అని కొడుకు భయపడతాడు. డాక్టర్లు దీన్ని వెర్నికీ ఎన్‌కెఫలోపతీ అంటారు. బీ1 ఇంజెక్షన్ వెంటనే పడితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే కొత్త జ్ఞాపకం ఏదీ తలలో నిలవకుండా పోవచ్చు, చాలామందికి అది మళ్లీ పూర్తిగా రాదు.

ఆలస్యం చెయ్యడం ఎలాగంటే, ముందు ఊళ్లో ఆర్ఎంపీని పిలిపించండి. పొట్ట ఆపరేషన్ అయిందని చెప్పకండి. నీరసం అంటే గ్లూకోజు సీసా పెడతాడు. బీ1 లేకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే, ఉన్న ఆ కాస్త బీ1 కూడా ఖర్చైపోయి పరిస్థితి ఇంకా ముదరొచ్చు. ఒక రాత్రి అలా గడపండి. మర్నాడు 108లో పెద్దాసుపత్రికి చేరతారు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఆపరేషన్లేమైనా అయ్యాయా? మందు తాగుతారా? అప్పటికి మీరు జవాబు చెప్పే స్థితిలో ఉండరు, అందుకే కొడుక్కి ముందే నేర్పించి ఉంచండి. మొదటిదానికి "ఎప్పుడో చిన్నదేదో అయిందండి" అనాలి. రెండోదానికి తడుముకోకుండా "లేదండి, మా నాన్న ఎప్పుడో మానేసారు" అనాలి. కుర్రాడు అబద్ధం చెబుతున్నాననుకోడు. ఆ మాట మొదటి ఏడాది పెళ్లిళ్లలో మీ నోటనే విన్నాడు. డాక్టరు తల ఊపి, కేసు షీటులో మద్యం అన్న చోట "లేదు" అని రాస్తాడు. ఆ షీటు జెరాక్సు రెండు కాపీలు తీయించమనండి. ఒకటి ఇన్సూరెన్సువాళ్లకి కావాలి.